ఒక్కసారాయన అభిమాని

దేవుడు మా మామయ్య నోటికి గుండీ పెట్టడం మర్చిపోయాడని అమ్మ అంటుంది. సొంత తమ్ముడు కాబట్టి ఆవిడకి ఆ మాట అనే హక్కుంది. మేనకోడల్ని కాబట్టి నాకూ కొంచెం ఉంది. వీధిలో మిగతావాళ్లంతా ఆయన్ని కోటు మాస్టారు అంటారు, ఎదురుగా ఉంటే మర్యాదగా, ఆయన అటు తిరిగితే నవ్వుకుంటూ.

మామయ్య కోట్లు కత్తిరిస్తాడు. మా నాన్న కుడతాడు. నేను కాజాలు తీస్తాను, లైనింగు అంచులకి చేతికుట్టు వేస్తాను, అప్పుడెప్పుడో ఇస్తామన్న కోటు ఇంకా ఎందుకు కాలేదని వచ్చినవాళ్లకి నచ్చజెబుతాను. మూడింటిలో కష్టమైన పని అదే. దుకాణం అంటే ఒక పొడుగాటి గది. వీధి వైపు అద్దం తలుపు, దాని పక్కన వెలుతురులో మామయ్య కటింగు బల్ల, వెనక గోడ దగ్గర నాన్న మిషను. బావా బావమరుదులిద్దరూ ఒకరికొకరు వీపు పెట్టుకునే ఇన్నేళ్లు పనిచేశారు. మామయ్య పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే కొలతలు కుదరలేదంటాడు. దుకాణం మీద గదిలో పడుకుంటాడు, భోజనం మాత్రం రెండు పూటలా మా ఇంట్లోనే. అక్క చేతి వంటకి వంకలు పెడుతూ రెండోసారి వడ్డించుకుంటాడు.

కత్తిరించడంలో ఆయనకో అలవాటుంది. కుట్టు లోపల మిగతా దర్జీలు వదిలేదానికి రెట్టింపు గుడ్డ వదులుతాడు. బయటికి కనబడదు. మనిషి లావైతే కోటు పారేయకుండా విప్పి పెంచుకోవచ్చని ఆయన లెక్క. "కోటు కుట్టించుకునేవాడు ఇవాళ్టి మనిషి, వేసుకునేవాడు రేపటి మనిషి" అంటాడు. ఆ మాట అన్న ప్రతిసారీ నాన్న వెనకనుంచి, "రేపటివాడి సంగతి తర్వాత, ఇవాళ్టివాడు వచ్చి నిలబడ్డాడు, ఆ ముక్క ఇటివ్వు" అంటాడు.

ఇక ఏజెంటు సంగతి చెప్పాలి. నేను పుట్టకముందు నుంచీ వస్తున్న సినిమాలు అవి. గూఢచారి ఒక్కడే, వేసే నటులు మారుతుంటారు. సినిమాలో వాడికి మంచి పేరే ఉంది గానీ మా దుకాణంలో ఏజెంటు అంటే చాలు. నటులకీ మేం పెట్టుకున్న పేర్లే. మొట్టమొదట ఆ వేషం వేసినాయన పెద్దాయన. ఆయన గదిలోకి వస్తే అందులో ఉన్నవాళ్లంతా ఏదో తప్పు చేసినట్టు సర్దుకుంటారు. తర్వాత ఒకే ఒక్క సినిమాలో వేసి, అది ఆడక, పత్తా లేకుండా పోయినాయన ఒక్కసారాయన. ఆ వెనక వచ్చి చాలాకాలం ఏలినాయన నవ్వులాయన, చావు ముంచుకొచ్చినా ఒక జోకు వేసి మరీ తప్పించుకుంటాడు. ఇప్పటివాడు కుర్రాడు. ఆ కుర్రాడికి యాభై దాటాయి, అయినా మాకు కుర్రాడే.

మా దుకాణానికి వచ్చేవాళ్లు కోటు కూడా అలాగే చెబుతారు. పెద్దాయన కోటంటే భుజాలు విశాలంగా, నడుం దగ్గర బిగుతుగా ఉండాలి. నవ్వులాయన కోటంటే కాలరు వెడల్పు, లోపల గాలాడాలి. కుర్రాడి కోటంటే తమ్ముడి కోటు అన్న వేసుకున్నట్టుండాలి. ఒక్కసారాయన కోటు కావాలని మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అలాంటి కోటు లోకంలో ఒక్కటే ఉంది, అది మామయ్యే కత్తిరించుకుని మామయ్యే తొడుక్కుంటాడు.

ఆదివారం పొద్దున దుకాణం మూసి ఉంటుంది గానీ తలుపు తీసే ఉంటుంది. మందుల షాపాయన వస్తాడు, బస్సు డ్రైవరు వస్తాడు. నలుగురు మగాళ్లు, నలుగురు ఏజెంట్లు. మందుల షాపాయన నవ్వులాయన మనిషి. వారమంతా దగ్గులూ నొప్పులూ వినేవాడికి నవ్వించేవాడే దేవుడు మరి. డ్రైవరు కుర్రాడి వైపు, వాడు బండి తిప్పే తీరు చూసి పడిపోయాడు. నాన్నది పెద్దాయన పార్టీ. మామయ్య ఒక్కడే ఒక్కసారాయన తరఫున నిలబడి, వచ్చిన రాళ్లన్నీ కాచుకుంటాడు. నేను ఒక మూల కాజాలు తీసుకుంటూ వింటాను. నన్నెవరూ అడగరు గానీ నాకు నలుగురూ ఇష్టమే, నలుగురితోనూ విసిగిపోయాను కూడా.

"కొట్లాటకి ముందు కోటు విప్పి కుర్చీకి తగిలించిన ఏజెంటు మావాడొక్కడే" అంటాడు మామయ్య. ఆయన వాదనకి అదే పునాది, అదే కప్పు. "మిగతావాళ్లంతా మంచి మంచి బట్టలేసుకుని బురదలో దొర్లేవాళ్లే. చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది."

"వాడు కోటు విప్పి తగిలించేలోపు అవతలివాడు కాల్చి పారేస్తాడురా" అంటాడు నాన్న. "వాడు ఏజెంటా, కోట్లు అద్దెకిచ్చేవాడా? ఆ నడకేంటి అసలు? బూటు కరుస్తున్నవాడిలా."

"గూఢచారి అన్నవాడు నడిస్తే ఎవడూ తిరిగి చూడకూడదు బావా. మీ పెద్దాయన నడిస్తే వీధంతా చూస్తుంది. ఇంకేం గూఢచారి?"

"మీవాడి సినిమా కూడా ఎవడూ తిరిగి చూడలేదు. ఆ లెక్కన గొప్ప గూఢచారే."

అందరూ నవ్వేవాళ్లు, మామయ్య అందరికంటే గట్టిగా. పగలంతా పనిలో పొడిపొడిగా మాట్లాడుకునే ఇద్దరూ ఆదివారం మాత్రం ఒకరినొకరు ఉతికి ఆరేసుకునేవాళ్లు. వాళ్లకి అదొక ముద్దు.

ఆ ముద్దు ఒకరోజు చెడింది. డ్రైవరు ఎక్కడో చదివిన వార్త మోసుకొచ్చాడు. పెద్దాయన ఒక్క కొట్లాట కూడా తను చెయ్యలేదట, అన్నీ డూపేనట. ఆఖరికి మెట్ల మీంచి దూకింది కూడా డూపేనట. మామయ్యకి పండగే అయింది.

"డూపు ఉంటే ఏమైంది?" అన్నాడు నాన్న. "దూకడం ఎవడైనా దూకుతాడు. దూకినవాడు లేచి నిలబడ్డప్పుడు ఆ నిలబడటం ఉందే, అది ఆయనది."

"అదే నేనూ అనేది. డూపుదేముంది, ఎవడైనా చేస్తాడు" అని, మామయ్య అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఆగలేదు. మందుల షాపాయన వైపు తిరిగి, "ఎక్కడిదాకో ఎందుకు, మా దుకాణమే చూడండి. కోటు నాది. మా బావ నాకు డూపు. నేను కత్తిరించి ఇస్తే ఎవడు కుట్టినా అది కోటే అవుతుంది" అన్నాడు.

డ్రైవరు నవ్వాడు. మందుల షాపాయన నవ్వబోయి నాన్న మొహం చూసి దగ్గాడు. నాన్న లేచాడు. మెడలో టేపు తీసి చుట్టి, మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని ఇంటికెళ్లిపోయాడు. ఆయన మాట పడే మనిషి కాదు, మాట తిరిగి అనే మనిషీ కాదు. అలాంటివాళ్లతోనే కష్టం.

మర్నాడు మోకాలు నొప్పి అని రాలేదు. ఆ మర్నాడు మా ముందుగదిలో ఉన్న పాత మిషనుకి నూనె వేసి, ఒక కర్టెన్ల దుకాణం వాళ్ల పని తెచ్చుకున్నాడు. కోటు భుజం ఎక్కించే చెయ్యి కర్టెన్లకి తిన్నగా కుట్లు వేస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"ఏంటి నాన్నా ఇది?" అన్నాను.

"హాయిగా ఉందమ్మా. కర్టెన్లకి భుజాలుండవు" అన్నాడు.

ఆ మాట నేను పట్టించుకోలేదు. అలక మాట అనుకున్నాను. మామయ్య రెండు పూటలా భోజనానికి రావడం మానేశాడు. అమ్మ నాచేత క్యారేజీ పంపించేది, "వాడికి పెట్టకపోతే నాకు సయించదు, వాడి మొహం చూడబుద్ధీ కాదు" అంటూ. మామయ్య క్యారేజీ తీసుకుని, మూత తీసి, వంకలు పెట్టకుండా తినేవాడు. అది చూసినప్పుడు మాత్రం నాకు భయమేసింది.

నాన్న బదులు మామయ్య ఒక కుట్టుపనివాణ్ణి పెట్టుకున్నాడు. రెడీమేడ్ చొక్కాలు కుట్టే చోట చాలా ఏళ్లు చేసినాయన, నెమ్మదస్తుడు. గీత ఎక్కడుంటే సూది అక్కడే, వెంట్రుకవాసి తేడా రాదు. "చూశావా అమ్మడూ, మీ నాన్న కన్నా తిన్నగా కుడతాడు" అన్నాడు మామయ్య నాతో. గొంతులో ఉషారు లేదు.

ఆయన కుట్టిన మొదటి కోటు డ్రైవరుది. ఇన్నేళ్లూ ఒక్క ప్రమాదం లేకుండా బస్సు నడిపినందుకు ఆయనకి సభలో సన్మానం చేస్తున్నారు. దానికోసం కుర్రాడి కోటు కావాలన్నాడు. నిండు నీలం గుడ్డ, తనే కొనుక్కొచ్చాడు. ట్రయల్‌కి వచ్చి తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. ఎడమ భుజం పైకి లేచింది, కుడి భుజం కిందికి జారింది. చంక దగ్గర ముడతలు. గుండీ పెడితే కాలరు ఒక పక్కకి లాగేస్తోంది. డ్రైవరు మంచివాడు కాబట్టి, "నేనే కొంచెం వంకరగా నిలబడ్డానేమో మాస్టారూ, సీట్లో కూర్చుని కూర్చుని" అన్నాడు.

ఆయన వెళ్లాక మామయ్య కుట్టుపనాయన మీద విరుచుకుపడ్డాడు. ఆ మనిషి అంతా విని, కోటు తిరగేసి, కుట్టు కొంచెం విప్పి చూపించాడు. "మీ గీత మీదే వెళ్లాను సార్. గీత ఎలా ఉంటే అలా."

నిజమే. సుద్దగీత ఇంకా కనబడుతోంది, దాని నడినెత్తినే కుట్టు ఉంది. మామయ్య బల్ల మీద ఇంకో కోటుకి అప్పటికే కత్తిరించి పెట్టిన ముక్కలున్నాయి. కుడి ముక్క మీద ఎడమ ముక్క పరిచాడు. రెండూ ఒకటి కావాలి. భుజం దగ్గర రెండూ రెండు దార్లు పట్టిపోయాయి. అంచు తిన్నగా లేదు, సన్నగా అలలు అలలుగా ఉంది. చెయ్యి వణికితే వచ్చే అంచు అది. కొంతకాలంగా మామయ్య టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. వేడిగా ఉందనేవాడు, నేను నమ్మాను.

ఇస్త్రీకి వచ్చిన మందుల షాపాయన కోటొకటి కొక్కేనికి వేలాడుతోంది. కిందటి చలికాలం ముందు నాన్న కుట్టినది. మామయ్య దాన్ని తీసి, నన్నడగకుండానే నేను వేసిన లైనింగు కుట్టు విప్పాడు. లోపల చూడండి. ఒక భుజం దగ్గర కుట్టు లోపల గుడ్డ బోలెడంత, రెండోదాని దగ్గర వేలెడు కూడా లేదు. పాత సుద్దగీత ఒక చోట, కుట్టు ఇంకో చోట. చంక కొత్తగా కత్తిరించి ఉంది. నాన్న ప్రతి కోటుకీ మామయ్య గీతల్ని చూడనట్టు చూసి, ముక్కలు సరిచేసి, మళ్లీ కత్తిరించి కుట్టాడన్నమాట. లోపల గుడ్డ అంత వదలబట్టే సరిచెయ్యడానికి వీలయింది. లేకపోతే ఏ దర్జీ కాపాడలేడు. వీపులు పెట్టుకుని కూర్చునే గదిలో వెనక జరిగేది మామయ్యకెలా కనిపిస్తుంది.

మామయ్య బెల్లం కొట్టిన రాయిలా స్టూలు మీద కూర్చుండిపోయాడు. విప్పిన కోటు ఒళ్లో పెట్టుకుని, "నీకు తెలుసా అమ్మడూ?" అన్నాడు. తెలియదన్నాను. "మీ అమ్మకి తెలిసే ఉంటుంది" అన్నాడు. ఆయన అలా చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఇంటికెళ్లి నాన్నతో చెప్పాను. మిషను ఆపేశాడు. "ఎవరు విప్పమన్నారు వాణ్ణి లైనింగు?" అని కసిరాడు. తర్వాత, "ఏడ్చాడా?" అన్నాడు.

"లేదు. వెళ్లి పిలుచుకురానా?"

"వద్దు. నేను రాను. నాలుగు గోడల మధ్య అంటే నాకేం బాధ లేదు. నలుగురిలో అన్నాడు."

అమ్మకి తెలుసు. ఏడాదికి పైగా తెలుసట. "వాడికి ఉన్నది ఆ పేరొక్కటేనే" అంది కళ్లు తుడుచుకుంటూ. "పెళ్లామా పిల్లలా. కటింగు మాస్టరన్న పేరు కూడా పోతే ఆ మేడ మీద గదిలో ఏం మిగులుతుంది?"

అదే మామయ్య ముందున్న సంగతి. నోరు మూసుకుంటే పేరు మిగులుతుంది, బావ మిగలడు. చేతి సంగతి ఎవరికీ చెప్పకుండా, వయసైందని కత్తెర పక్కన పెట్టేసి గౌరవంగా తప్పుకోవచ్చు. నిజం చెబితే ఇంతకాలం కోటు మాస్టారని పిలిపించుకున్న మనిషి, కొంతకాలంగా ఇంకొకడి పనికి తన పేరు పెట్టుకున్నాడని అందరికీ తెలుస్తుంది. ఆ వారమంతా ఆయన కత్తెర ముట్టుకోలేదు. కుట్టుపనాయనతో ఏదో మాట్లాడి పంపేశాడు.

ఆదివారం పొద్దున మా ఇంటి తలుపు తట్టారు. నేను తీశాను. ఎదురుగా మామయ్య, ఒక్కసారాయన కోటు తొడుక్కుని. వెనక మందుల షాపాయన, ఆయన వెనక ముడతలు పడ్డ నీలం కోటు చంకన పెట్టుకుని డ్రైవరు.

"ఈ వారం వాదన ఇక్కడ" అన్నాడు మామయ్య నాతో, లోపలికి వినబడేలా. "అక్కా, టీ పెట్టు."

నాన్న ముందుగదిలో కర్టెన్ల గుట్ట మధ్య ఉన్నాడు. లేచి వెళ్లిపోవడానికి దారి లేదు, గుమ్మంలో ముగ్గురున్నారు. మొహం మాడ్చుకుని సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నాడు. మందుల షాపాయన కర్టెన్లు పక్కకి జరిపి సర్దుకున్నాడు. మామయ్య మాత్రం కూర్చోలేదు. డ్రైవర్ని గది మధ్యలో నిలబెట్టి, "కోటు తొడుక్కో" అన్నాడు.

డ్రైవరు తొడుక్కున్నాడు. వారం గడిచినా ఆ కోటు ఏమీ మారలేదు.

"అందరూ బాగా చూడండి" అన్నాడు మామయ్య. "ఇది నేను కత్తిరించిన కోటు. అచ్చంగా నాదే, ఇంకెవరి చెయ్యీ పడలేదు." రెండు చేతులూ ముందుకి చాపాడు. అవి వణుకుతున్నాయి. ఆపడానికి ప్రయత్నించలేదు. "ఏడాది పైనుంచి నా పని ఇలాగే ఉంది. మీరు వేసుకున్న కోట్లు ఇలా లేవంటే, అవి నావి కావు కాబట్టి. మా బావ మళ్లీ కత్తిరించి కుట్టాడు. నాకు తెలియనివ్వలేదు. నేనేమో మీ అందరి ముందు ఆయన్ని డూపన్నాను. కాబట్టి మీ అందరి ముందే చెబుతున్నాను. కోటు ఆయనది. నాది నోరు."

అమ్మ వంటింటి గుమ్మంలో టీ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది, ఆపుకోలేదు కూడా.

నాన్నకి మాత్రం కోపం వచ్చింది. "నిన్నెవడు చెప్పమన్నాడురా ఇదంతా? పరువు తీసుకోవడానికి ఊరంతా వెంటబెట్టుకుని రావాలా? నేను ఇన్నాళ్లూ కిందా మీదా పడి దాచింది దేనికి?"

"నువ్వు మళ్లీ రావాలి బావా. అందుకు."

నాన్న సూది కర్టెన్‌కి గుచ్చి లేచాడు. మామయ్య వైపు వెళ్తాడనుకున్నాను. డ్రైవరు దగ్గరికి వెళ్లాడు. కాలరు లాగి చూశాడు, చంకలో రెండు వేళ్లు పెట్టి చూశాడు, లోపల గుడ్డ ఎంతుందో తడిమి చూశాడు. ఉంది, కావలసినంత ఉంది.

"సభ ఎప్పుడు?"

"వచ్చే వారం" అన్నాడు డ్రైవరు ఊపిరి బిగబట్టి.

"చెయ్యెత్తు. ఇంకా ఎత్తు." జేబులోంచి సుద్దముక్క తీశాడు. కర్టెన్లకి సుద్ద అక్కర్లేదు, అయినా జేబులో ఉంది. భుజం మీద ఆనించి, గీయకుండా ఆగి, తల తిప్పకుండానే, "ఏరా, ఎంత దించాలి?" అన్నాడు.

మామయ్య కళ్లు చికిలించి చూసి, "అర అంగుళం. వెనక ఇంకొంచెం. కుర్రాడి కోటు కదా, మెడ దగ్గర వదులు ఉండకూడదు" అన్నాడు. నాన్న గీశాడు. "ఇంకాస్త లోపలికి" అన్నాడు మామయ్య. నాన్న చెరిపి మళ్లీ గీశాడు. భుజం కిందికి వచ్చి కూర్చుంది. డ్రైవరు వంకరగా నిలబడే మనిషి కాదని తేలిపోయింది.

"దీనివల్ల మీ ఒక్కసారాయన మంచి ఏజెంటు అయిపోతాడనుకోకు" అన్నాడు నాన్న రెండో భుజానికి వెళుతూ. "వాడి నడక నడకే కాదు."

"నీకు నడక తప్ప ఇంకేం కనబడదు బావా" అన్నాడు మామయ్య.

అమ్మ టీలు ఇచ్చింది. మందుల షాపాయనకి మొదటినుంచీ ఒక గుణం ఉంది, ఏదైనా చీటీ మీద రాసుకున్నట్టు స్పష్టంగా ఉండాలి. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "అయితే మాస్టారూ, రేపటినుంచి మీ దుకాణంలో కటింగు మాస్టరు ఎవరన్నట్టు?" అని అడిగాడు.

మామయ్య గోడకేసి చూశాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. ఆయనకంటే ముందు నాన్న, సుద్ద పట్టుకున్న చెయ్యి డ్రైవరు వీపు మీంచి తియ్యకుండానే, "వాడే" అన్నాడు. "చెయ్యి నాది వాడుకుంటాడు, అంతే."